ఇంగ్లండ్‌లో పోలీస్ కాషన్ అంటే ఉత్త వార్నింగేనా? సంతకం పెట్టేస్తే అయిపోతుందా?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదండీ. మీ తమ్ముడు ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు. సూపర్ మార్కెట్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర స్కాన్ చేసుకుని బయటికొస్తుంటే సెక్యూరిటీవాళ్లు ఆపారు. బ్యాగులో 18 పౌండ్ల సరుకుకి బిల్లు లేదు. పోలీసులొచ్చి అరెస్ట్ చేశారు. లాయరంటే ఆలస్యమవుతుందని వద్దనేసి ఇంటర్వ్యూ ఇచ్చేశాడు. తొమ్మిది గంటల తర్వాత బెయిల్ మీద వదిలారు. ఇప్పుడు ఆఫీసర్ ఫోన్ చేసి, వచ్చే వారం స్టేషన్‌కొచ్చి సంతకం పెడితే కాషన్‌తో పోతుంది, కోర్టు ఉండదు అన్నాడు. ‘కాషన్ అంటే వార్నింగే కదా, పెట్టేయమన్నాం, సరేనా?’ అని అడిగారు.

సరి కాదండీ. సాలిసిటర్‌తో (ఇక్కడ లాయర్‌ని అలా అంటారు) మాట్లాడకుండా ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దని ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పండి. కాషన్ అంటే మందలించి పంపించెయ్యడం కాదు. ‘ఈ దొంగతనం నేనే చేశాను’ అని ఒప్పుకుంటే, అది పోలీస్ రికార్డులోకి ఎక్కడం. నిజంగా చేసుంటే అది మంచి బేరమే కావచ్చు. చెయ్యకపోతే మాత్రం, కోర్టుకు వెళ్లకుండా తప్పించుకోవాలని చెయ్యని దొంగతనాన్ని నెత్తినేసుకున్నట్టు.

నేను తూర్పు లండన్‌లో క్రిమినల్ డిఫెన్స్ సాలిసిటర్‌ని. పద్నాలుగేళ్లుగా పోలీస్ స్టేషన్లకి డ్యూటీకి వెళ్తున్నాను. ఈ మధ్య మన పిల్లల కేసులు తరచుగా వస్తున్నాయి, అందులోనూ ఈ సెల్ఫ్ చెకౌట్ కేసులు. అందుకే కొంచెం వివరంగా రాస్తాను. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ చట్టం. గ్లాస్గోలోనో ఎడిన్‌బరాలోనో ఉన్నవాళ్లకి స్కాట్లాండ్ చట్టం వేరు, దీన్ని చూసి నడుచుకోకండి.

ముందు మాటతోనే తిరకాసు. ఇక్కడ పోలీసుల నోట కాషన్ అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి, అరెస్ట్ చేసేటప్పుడూ, ఇంటర్వ్యూ మొదలుపెట్టేటప్పుడూ చదివే హెచ్చరిక. రెండోది, కేసును కోర్టుకు పంపకుండా ముగించే పద్ధతి. మీ తమ్ముడికి మొదటిది ఇప్పటికే రెండుసార్లయినా చదివుంటారు. ఇప్పుడు ఇస్తామంటున్నది రెండోది. మనవాళ్లు రెంటినీ కలిపేసి, ‘కాషన్ ఆల్రెడీ ఇచ్చారుగా, మళ్లీ ఏంటి’ అంటుంటారు.

మొదటిది తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: ‘మీరు ఏమీ చెప్పనక్కర్లేదు. అయితే తర్వాత కోర్టులో మీరు చెప్పుకోబోయే విషయాన్ని ఇప్పుడు అడిగినప్పుడు చెప్పకపోతే, అది మీ వాదనకి నష్టం చెయ్యొచ్చు. మీరు చెప్పింది ఏదైనా సాక్ష్యంగా వాడవచ్చు.’ మూడే వాక్యాలు. మొదటిదీ చివరిదీ ఎవరికైనా అర్థమవుతాయి. చిక్కంతా మధ్యదాంతోనే. 1994లో వచ్చిన చట్టంతో ఆ వాక్యం చేరింది. అంతకుముందు మౌనంగా ఉంటే దాన్ని మీకు వ్యతిరేకంగా తీసుకునేవాళ్లు కాదు. ఇప్పుడు, ‘ఇంత ముఖ్యమైన సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదు?’ అని కోర్టు అనుమానపడొచ్చు. అలాగని మౌనం ఒక్కటే చూసి శిక్ష వెయ్యలేరు. స్టేషన్‌లో లాయర్‌ని అడిగే అవకాశమే ఇవ్వకపోతే ఆ మౌనాన్ని మీ మీద వాడుకోనూలేరు.

అంటే నోరు మూసుకోవడం ఎప్పుడూ క్షేమమే అనుకోవడానికి లేదు, అన్నీ చెప్పేయడమూ క్షేమం కాదు. ఏ కేసులో ఏది అన్నది పోలీసుల దగ్గర ఏం సాక్ష్యం ఉందో తెలిస్తేగానీ చెప్పలేం. అది తెలుసుకోవడం సాలిసిటర్ పని. ఇంటర్వ్యూకి ముందు ఆఫీసర్ మాకు విడిగా కొంత చెబుతాడు: సీసీటీవీ ఉందా, సెక్యూరిటీ గార్డు ఏం రాసిచ్చాడు, ఏయే వస్తువులు. ఒంటరిగా కూర్చున్న కుర్రాడికి ఈ వివరాల్లో సగం కూడా చెప్పరు. కొన్నిసార్లు మేం ఒక పేజీ స్టేట్‌మెంట్ రాసి చదివించి, మిగతా ప్రశ్నలన్నిటికీ ‘నో కామెంట్’ అనిపిస్తాం. కొన్నిసార్లు అన్నిటికీ జవాబు చెప్పమంటాం.

ఇక్కడ మనవాళ్లని ముంచేది ఇండియాలో విన్న ఒక మాట. పోలీసుల దగ్గర చెప్పింది కోర్టులో చెల్లదని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగాం. అక్కడ అది నిజమే. పోలీస్ అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడి మీద రుజువుగా వాడకూడదని పాత సాక్ష్య చట్టం 25వ సెక్షన్‌లో ఉండేది, 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్‌గా ఉంది. ఇంగ్లండ్‌లో అలా కాదు. ఇక్కడ ఇంటర్వ్యూ మొత్తం రికార్డవుతుంది, అదే రేపు సాక్ష్యం. కారులో కూర్చోబెట్టి తీసుకెళ్తున్నప్పుడు అన్న మాట కూడా బాడీ కెమెరాలో ఉంటుంది.

ఇంకో సంగతి చెబితే మీకు నవ్వు రావచ్చు, స్టేషన్‌లో మాత్రం నవ్వు రాదు. మనం తెలుగులో ‘కొన్నాను’ అనే చోట కూడా ‘తీసుకున్నాను’ అంటాం. బజారుకెళ్లి ఏం తీసుకున్నావ్ అంటే ఏం కొన్నావ్ అనే. ఒక కుర్రాడి ఇంటర్వ్యూ రికార్డింగ్ విన్నాను, నేను కేసులోకి రాకముందుది. ఆఫీసర్ అడుగుతాడు, ఈ వస్తువులు నువ్వే తీసుకున్నావా అని. వాడు, ‘యెస్ సర్, ఐ ఓన్లీ టుక్ సర్’ అంటాడు. వాడి బుర్రలో షాపులో షాపింగ్ చేసింది నేనే అని. కాగితం మీద మాత్రం దొంగతనం ఒప్పుకున్నట్టే. దానికి తోడు మన మర్యాద ఒకటి. పెద్దాయన గద్దిస్తే మనకి ముందు నోట్లోంచి వచ్చేది సారీ. ‘సారీ సర్, ఐ డిడ్ మిస్టేక్ సర్’ అని ఆ ఇరవై నిమిషాల్లో తొమ్మిదిసార్లు అన్నాడు. నేను లెక్కపెట్టాను.

అందుకే ఐఇఎల్‌టీఎస్‌లో 7 వచ్చినా సరే, భయంలో మాట తడబడుతుందనిపిస్తే తెలుగు దుబాసీని అడగొచ్చు, ఉచితం. పరువు తక్కువ అనుకుని మన పిల్లలు అడగరు. డిగ్రీ చదివే ఇంగ్లిష్ వేరు, రాత్రి పన్నెండింటికి సెల్‌లోంచి లేపి అడిగినప్పుడు పలికే ఇంగ్లిష్ వేరు.

లాయర్ సంగతికొస్తాను, మీ తమ్ముడు చేసిన పెద్ద పొరపాటు అదే కాబట్టి. ఇక్కడ పోలీస్ స్టేషన్‌లో సాలిసిటర్ సలహా పూర్తిగా ఉచితం. విద్యార్థయినా, విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలయినా, కోటీశ్వరుడయినా ఒకటే. ఆదాయం అడగరు, వీసా స్టేటస్‌తో సంబంధం లేదు. అరెస్ట్ చెయ్యకుండా ‘ఓసారి వచ్చి మాట్లాడి వెళ్లు’ అని పిలిచే వాలంటరీ ఇంటర్వ్యూకి కూడా అంతే. లాయర్‌ని అడిగితే తప్పు చేసినవాడిలా కనిపిస్తాననే భయం మనదే, అక్కడ దాన్నెవరూ అలా చూడరు. లాయర్ కోసం ఆగితే ఆలస్యమవుతుందంటూ వద్దనిపించేలా పోలీసులు మాట్లాడకూడదని వాళ్ల నియమావళిలోనే ఉంది. ముందు వద్దన్నా తర్వాత ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు. మీవాడికి ఇప్పటికీ ఆ హక్కు పోలేదు.

మిగతా హక్కులు గబగబా చెప్పేస్తాను. అరెస్టయినట్టు ఒకరికి కబురు పంపించమని అడగొచ్చు. మనవాళ్లలో చాలామంది ‘ఇంట్లోవాళ్లు భయపడతారు’ అని వద్దంటారు, తెల్లారేసరికి ఫోన్ కలవక గుంటూరులో తల్లి అల్లాడిపోతుంటుంది. రూమ్మేట్‌కి చెప్పించినా చాలు. ఇండియన్ హై కమిషన్‌కి తెలియజేయమని కోరొచ్చు. ఏం నేరం మీద, ఎందుకు అరెస్ట్ చేశారో చెప్పాలి. మామూలుగా ఛార్జ్ చెయ్యకుండా, అంటే ఫలానా నేరం మోపుతున్నామని అధికారికంగా చెప్పకుండా, 24 గంటలే ఉంచగలరు. తీవ్రమైన కేసుల్లో సూపరింటెండెంట్ అనుమతితో 36, మేజిస్ట్రేట్ అనుమతితో గరిష్ఠంగా 96. ఇండియాలో 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలంటారే, ఆ లెక్క ఇక్కడ వెతక్కండి. ఇక్కడి లెక్క ఛార్జ్ చెయ్యడమా వదలడమా అన్నది, అదీ స్టేషన్‌కి చేరిన దగ్గర్నుంచి. రోజుకి ఎనిమిది గంటల విశ్రాంతి ఇవ్వాలి. శాకాహారం కావాలంటే చెప్పాలి, ఇస్తారు, మైక్రోవేవ్ అన్నమే అనుకోండి. మందులు వేసుకునేవాళ్లు ముందే చెప్పాలి. వేలిముద్రలు, ఫోటో, డీఎన్‌ఏ తీసుకుంటామంటే కాదనలేరు. ఫోన్ తీసుకోవచ్చు, పిన్ మాత్రం లాయర్‌ని అడగకుండా చెప్పొద్దు. వీటన్నిటికీ కాపలాదారు కస్టడీ సార్జెంట్. ఆయన కేసు దర్యాప్తు చేసేవాడు కాదు. ఏ ఇబ్బంది ఉన్నా ఆయనకి చెప్పి కస్టడీ రికార్డులో రాయమనాలి.

ఇప్పుడు అసలు కాగితం. రెండో రకం కాషన్‌లో మళ్లీ రెండు: సింపుల్ కాషన్, కండిషనల్ కాషన్. కండిషనల్ అంటే డబ్బు తిరిగివ్వడం, ఏదో కోర్సుకి వెళ్లడం లాంటి షరతులుంటాయి, తప్పితే కేసు కోర్టుకి వెళ్తుంది. సింపుల్‌లో షరతులుండవు. రెంటికీ పోలీసుల దగ్గర కోర్టులో నిలబడేంత సాక్ష్యం ఉండాలి, మీవాడు నేరం చేశానని స్పష్టంగా ఒప్పుకుని ఉండాలి, కాషన్ తీసుకోవడానికి సమ్మతించాలి. స్పష్టమైన ఒప్పుకోలు లేకపోతే కాషన్ ఇవ్వకూడదు. కాషన్ ఇస్తాం ఒప్పుకో అని ఆశ చూపించి ఒప్పించనూకూడదు. కాబట్టి మీ తమ్ముడు ఆ ఇంటర్వ్యూలో సరిగ్గా ఏమన్నాడన్నదే ఇప్పుడు మొత్తం కేసు. మర్చిపోయాను అన్నాడా, కట్టకుండా పోదామనుకున్నాను అన్నాడా?

ఆ రెంటికీ చట్టంలో హస్తిమశకాంతరం ఉంది. ఇక్కడి 1968 నాటి థెఫ్ట్ చట్టం ప్రకారం వస్తువు కట్టకుండా బయటికి తేవడం ఒక్కటే దొంగతనం కాదు, అందులో నిజాయితీ లేని ఉద్దేశం ఉండాలి. రెండేళ్ల కిందట ఒకబ్బాయి, ట్రాలీ కింది అరలో 10 కిలోల బియ్యం బస్తా. పైన ఉన్నవన్నీ స్కాన్ చేశాడు, వంకాయలు తూకమేసి మెషీన్‌లో కోడ్ వెతుకుతుంటే ఇంటినుంచి వీడియో కాల్. బస్తా కిందే ఉండిపోయింది. గేటు దాటగానే ఆపారు. ఆ కుర్రాడు సాలిసిటర్ కావాలన్నాడు, ఆ రాత్రి డ్యూటీ నాది. సీసీటీవీలో వాడు ఒక చేత్తో ఫోన్ పట్టుకుని మాట్లాడుతూ, ఇంకో చేత్తో వంకాయల కవరు పట్టుకుని తెర మీద వెతుక్కోవడం స్పష్టంగా కనిపిస్తోంది. 43 పౌండ్లు కార్డు మీద కట్టినట్టు బ్యాంక్ యాప్‌లో ఉంది. అరపేజీ స్టేట్‌మెంట్ ఇచ్చాం. మూడు వారాలకి కేసు మూసేశారు. అదే సీసీటీవీలో వస్తువుని స్కానర్ మీద నుంచి పక్కకి జరిపి కవర్లో వేసుకోవడమో, ఖరీదైన దాన్ని ఉల్లిపాయలుగా నొక్కడమో కనిపిస్తే నా సలహా ఇంకోలా ఉండేది.

సంతకం పెడితే ఏమవుతుందో చెబుతాను. కాషన్ అనేది కోర్టు శిక్ష కాదు, ఆ మాట నిజం. కానీ పోలీస్ నేషనల్ కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది, నూరేళ్ల వయసొచ్చేదాకా అక్కడే. వేలిముద్రలు, డీఎన్‌ఏ కూడా ఉంచేసుకోవచ్చు. సింపుల్ కాషన్ మామూలు ఉద్యోగాలకి ఆ రోజే ‘స్పెంట్’ అయిపోతుంది, అంటే మామూలు ఆఫీసు ఉద్యోగంలో అడిగినా చెప్పనక్కర్లేదు. దీన్ని చూసే చాలామంది ఏమీ కాదులే అనుకుంటారు. కానీ ఆసుపత్రులు, కేర్ హోములు, స్కూళ్ల ఉద్యోగాలకి నేర చరిత్ర చూసే డీబీఎస్ చెక్‌లో మామూలుగా ఆరేళ్లపాటు కనిపిస్తుంది, కొన్ని రకాల నేరాలైతే ఆ తర్వాత కూడా.

వీసాకి ఈ స్పెంట్ లెక్క అస్సలు పనిచెయ్యదు. వీసాలు చూసే హోమ్ ఆఫీస్ ఫారాల్లో కాషన్ల గురించి అడుగుతారు, చెప్పాల్సిందే. ఒక షాప్ లిఫ్టింగ్ కాషన్‌కే వీసా పోతుందని నేను అనను, అధికారి విచక్షణ ఉంటుంది. కానీ దాచిపెడితే అది మోసం కింద లెక్క, రిజెక్ట్ చెయ్యడమే కాక పదేళ్ల వరకు నిషేధం పడొచ్చు. 18 పౌండ్ల సరుకు కంటే దాన్ని దాచడం పెద్ద నేరమై కూర్చుంటుంది. రేపు అమెరికాకి పోదామనుకుంటే వాళ్ల డీఎస్-160 వీసా ఫారంలో కాషన్ దాకా కూడా పోరు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అనే అడుగుతారు. అంటే కేసు పూర్తిగా కొట్టేసినా ఆ ప్రశ్నకి మీవాడి జవాబు అవును. కేసు మూసేసినట్టు పోలీసులిచ్చే ఉత్తరం పారేసుకోవద్దనేది అందుకే.

ఒకమ్మాయి కేసు చెప్పి ముందుకెళ్తాను. కిచెన్‌లో రూమ్మేట్‌తో మాటామాటా పెరిగి తోపులాట. తెల్లవారుజామున రెండింటికి, ‘సంతకం పెడితే ఇంటికెళ్లిపోవచ్చు’ అన్నారని పెట్టేసింది. కామన్ అసాల్ట్‌కి కాషన్. ముందు తోసింది అవతలి పిల్ల. మూడేళ్ల తర్వాత కేర్ హోమ్‌లో ఉద్యోగం, డీబీఎస్‌లో బయటపడింది. అప్పుడొచ్చింది నా దగ్గరికి. కాషన్ మీద అప్పీలుకి కోర్టు లేదు. పోలీసులకే అర్జీ పెట్టుకోవాలి, లేదా హైకోర్టులో జుడీషియల్ రివ్యూ (పోలీసుల నిర్ణయం చట్టప్రకారం ఉందా అని చూడమనడం), దాని ఖర్చు చెబితే కళ్లు తిరుగుతాయి. పదకొండు నెలలు ఉత్తరాలు నడిపాం. తీసెయ్యలేదు.

ఇంత చెప్పాక రెండోవైపూ చెప్పాలి. మీ తమ్ముడు కావాలనే చేసుంటే, సీసీటీవీలో కనిపిస్తుంటే, కాషన్ అతనికి దొరికే మంచి ముగింపుల్లో ఒకటి. వద్దంటే పోలీసులు కేసు వదిలెయ్యొచ్చు, మేజిస్ట్రేట్ కోర్టుకీ పంపొచ్చు. కోర్టులో మొదటిసారికి, ఇంత చిన్న మొత్తానికి చిన్న జరిమానాతోనో డిశ్చార్జ్‌తోనో (శిక్ష వెయ్యకుండా వదిలెయ్యడం) పోవచ్చు, అయినా అది కన్విక్షన్ అవుతుంది, అంటే నేరం చేసినట్టు కోర్టు తేల్చినట్టే. కేసు వదిలెయ్యడానికీ కాషన్‌కీ మధ్య కమ్యూనిటీ రిజల్యూషన్ అని ఒకటుంది, తప్పు తనదేనని ఒప్పుకుని షాపుకి డబ్బు కట్టడం, క్షమాపణ రాయడం లాంటిది. అది కన్విక్షనూ కాదు, కాషనూ కాదు. ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్‌లో (ఇంకా లోతుగా చూసే చెక్) పోలీసులు తలుచుకుంటే కనిపించొచ్చు, ఆ మేరకు జాగ్రత్త. మొదటి తప్పుకి దీన్ని ఇమ్మని మేం తరచూ అడుగుతాం, అప్పుడప్పుడూ ఒప్పుకుంటారు.

తమ్ముణ్ని మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న అందుకే ‘నిజంగా ఏం జరిగింది’. నాన్నగారు లైన్‌లో ఉండగా అడక్కండి, నిజం రాదు. ఇంకోటి, ఎవరో తెలిసిన ఎమ్మెల్యే ద్వారానో హై కమిషన్‌లో ఫలానా ఆయన ద్వారానో ఆఫీసర్‌కి ఫోన్ చేయిద్దామని చూడకండి. ఒకాయన నిజంగా చేయించాడు, ఆ ఫోన్ కాల్ కూడా కేసు ఫైల్లో రాసుకున్నారు.

ఇక ఈ వారంలో చెయ్యాల్సినవి. క్రిమినల్ డిఫెన్స్ చేసే సాలిసిటర్ల ఆఫీసుకి ఫోన్ చేసి, బెయిల్ మీద ఉన్నాను, కాషన్ ఇస్తామంటున్నారు, లీగల్ ఎయిడ్ కింద చూస్తారా అని అడగమనండి. ఇమిగ్రేషన్ లాయర్ కాదు, అది వేరే పని, తర్వాత అవసరమైతే చూడొచ్చు. ఆ సాలిసిటర్ ఇంటర్వ్యూలో ఏముందో ఆఫీసర్‌ని అడిగి తెలుసుకుంటారు. ఆ రోజు కట్టిన బిల్లు, బ్యాంక్ యాప్‌లో ఎంట్రీ, ఫోన్‌లో కాల్ హిస్టరీ అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టమనండి. సీసీటీవీ పోకుండా ఉంచమని సాలిసిటర్ వెంటనే రాయాలి, షాపులవాళ్లు కొన్ని వారాలకి చెరిపేస్తుంటారు.

బెయిల్ తేదీకి మాత్రం తప్పకుండా వెళ్లాలి. సంతకం ఇష్టం లేదని వెళ్లకుండా కూర్చుంటే మళ్లీ అరెస్ట్ చెయ్యొచ్చు. వెళ్లి, ‘నా సాలిసిటర్ వచ్చాక మాట్లాడతాను’ అని చెప్పి కూర్చోమనండి. అప్పటికి ఎవరూ కుదరకపోతే స్టేషన్‌లోనే డ్యూటీ సాలిసిటర్, అంటే ఆ పూట స్టేషన్ పిలుపులకి వచ్చే లాయర్, కావాలంటే పిలిపిస్తారు. మూడు గంటలు పట్టొచ్చు, ఓ పుస్తకం పట్టుకెళ్లమనండి.

ఆ ఇంటర్వ్యూలో అతనన్న మాటలు గుర్తున్నంతవరకు అతని చేతే ఇంగ్లిష్‌లో, ఉన్నది ఉన్నట్టు రాయించి సాలిసిటర్‌కి ఇవ్వండి. ఇక్కడ మాత్రం పెట్టొద్దు, ఈ పేజీ ఎవరైనా చదవొచ్చు.